మొక్కు లేని నడక

నా పాలక్యాను మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మా కొట్టంలో ఇప్పుడు నిలబడి నెమరేస్తున్న మూడు బర్రెల సాక్షిగా నిజం, వాటి తల్లుల సాక్షిగా నిజం. పాలు పోసేవాడి ఒట్టుకు సైదాబాద్‌లో ఎంత విలువ ఉంటుందో నాకు తెలియక కాదు. నీళ్లు కలపలేదని మా తాత ఒట్టు పెట్టాడు, మా నాయన పెట్టాడు, నేను ఇరవై ఐదేళ్లుగా పెడుతున్నాను. విన్నవాళ్లు తల ఊపుతారు, ఊపి గిన్నెలోకి తొంగి చూస్తారు. మీరూ తొంగి చూడండి, నాకేం అభ్యంతరం లేదు.

నాకు రెండు జబ్బులున్నాయి. మొదటిది కథలు చెప్పడం. మా తెల్లమచ్చ బర్రె ఒకసారి సిటీబస్సెక్కి, చార్మినార్ దగ్గర దిగి, సాయంత్రం పాలు పిండే వేళకు మళ్లీ అదే బస్సులో వచ్చిందని ఈ రోడ్డు మీద నేను చెప్పని హోటల్ లేదు. వానకాలంలో కొట్టుకుపోయిన మా క్యాను మూడో రోజు వాకిట్లోకి తేలి వస్తే, మూత తీసి చూసేసరికి లోపల గడ్డపెరుగు ఉందనీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఎవరూ ఆపమని కూడా అనలేదు. నమ్మకపోవడం, ఆపమనకపోవడం, ఈ రెండింటి మధ్య ఇన్నేళ్లు హాయిగా బతికాను.

రెండో జబ్బు పోయిన చలికాలంలో బయటపడింది. షుగర్.

"రోజుకు గంట నడవాలె," అన్నాడు డాక్టర్. "మూడు నెలలు చూస్త. తగ్గకపోతే సూది మొదలుపెడదాం."

"పొద్దంతా తిరుగుతనే ఉంట కద సార్."

"బండి మీద తిరుగుడు నడుసుడు గాదు."

"రోజుకు ముప్పై సార్లు కిక్కు కొడత సార్. కసరత్తే కద."

"అయితే గా ఒక్క కాలుకు తగ్గుతది షుగర్," అని ఆయన చీటీ రాయడం మొదలుపెట్టాడు.

ఇంటికి రాగానే నా భార్య చక్కెర లేని చాయ్ చేతికిచ్చింది. తాగి మొహం చిట్లిస్తే, "నీ కథలల్ల మస్తు తీపున్నది, గది చాలు," అంది. స్కూటరు, క్యాన్లు, ఇళ్లకూ హోటళ్లకూ పాలు పోసే పని మా తమ్ముడికి వెళ్లిపోయాయి. పాలు పిండాక, తమ్ముడు బండి మీద వెళ్లిపోయాక, నేను కొత్త తెల్ల బూట్లు వేసుకుని బార్కస్ వైపు రోడ్డు పట్టాలి. అరగంట పోవడం, అరగంట రావడం. వినడానికి ఎంత తేలిక.

మొదటి రోజు రెండు వందల అడుగులు వేశానో లేదో, కూరగాయల ఆటో ఒకటి పక్కన ఆగింది.

"అన్నా, బండి ఏమైంది?"

"ఏం గాలే. నడుస్తున్న."

"గదే అడుగుతున్న, ఎందుకు నడుస్తున్నవ్?"

దానికి జవాబు చెప్పేలోపు వెనక ఇంకో బండి ఆగింది. ఆ రోడ్డు మీద పాలాయన నడవడం ఎవరూ చూడలేదు. మా దగ్గర బండి ఉన్న మనిషి నడుస్తున్నాడంటే బండి చెడిపోయి ఉండాలి, లేదా మనిషికి ఏదో అయి ఉండాలి. రెండిట్లో ఏదైనా సరే, వదిలేసి పోవడం మర్యాద కాదు. ఎక్కనంటే నామోషీ పడుతున్నాననుకుని చెయ్యి పట్టి ఎక్కించారు. మొదటి వారం నేను నడిచింది రోజుకు పావుగంట. మిగతాదంతా ఎవరో ఒకరి వెనక కూర్చునే ఉన్నాను. ఒకతను నన్ను తిన్నగా మా ఇంటి ముందు దింపి, నా భార్యను బయటికి పిలిచి మరీ చెప్పాడు, "అక్కా, అన్నను కొంచెం చూసుకోండ్రి. రోడ్డు మీద ఒక్కడే తిరుగుతున్నడు."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "కొత్తేం గాదులే తమ్మీ," అంది.

ఎక్కించుకునేవాళ్లతో ఎలాగోలా వేగేవాణ్ణి. చాయ్‌తోనే నా వల్ల కాలేదు. ఆ దారిలో మా పాలు పోసే హోటళ్లు నాలుగున్నాయి. ముందునుంచి పోతుంటే పిలవకుండా ఉండరు. మొదటి హోటల్లో కప్పు ముందుకు తోశాడు. వద్దన్నాను. హోటలాయన నవ్వడం ఆపేశాడు.

"నీ పాలే కద భాయ్. నీ పాల చాయ్ నువ్వే తాగకపోతే, మరి పాలల్ల ఏమున్నట్టు?"

బల్లల దగ్గర ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. ఎనిమిది మందీ సాసర్లు కింద పెట్టి నావైపు చూశారు. నేనేం చేయగలను? తాగాను. చక్కెర పాకంలాంటి చాయ్ ఒకచోట తాగాక మిగతా మూడు చోట్ల ఎలా కాదంటాను? ఒక రోజు తెగించి ఒక హోటల్ ముందు నుంచి తల దించుకుని దాటిపోయాను. మరునాడు తమ్ముడు వచ్చి, "అన్నా, గా హోటలాయన ఇయ్యాల పాలను రెండుసార్లు వాసన జూసిండు. గిట్లయితే నాతోని గాదు," అన్నాడు.

మూడు వారాలకు పరీక్ష చేయిస్తే షుగర్ పెరిగింది. "నడవక ముందే నయముండె," అంది నా భార్య. నవ్వుతూ అనలేదు.

ఆ మరునాడు మొదటి హోటల్లో కప్పు ముందుకు రాగానే నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. నేను తెచ్చింది కాదు, దానంతట అదే వచ్చింది.

"మొక్కున్నది."

హోటలాయన చెయ్యి ఆగింది. "ఏం మొక్కు?"

సైదాబాద్ నుంచి బార్కస్ వైపు పోయే ఆ దారిలో, రోడ్డు పక్కన సున్నం కొట్టిన చిన్న దర్గా ఒకటుంది. బండి మీద ఇరవై ఐదేళ్లు దాని ముందునుంచే పోయాను, ఏనాడూ ఆగలేదు. అటు చెయ్యి చూపించాను. "నలభై రోజులు గాడికి నడిచిపోవాలె. బండెక్కొద్దు. దారిల చాయ్ చుక్క ముట్టొద్దు."

"దేనికోసం?"

"చెప్తే ఫలిస్తదా?"

ఆయన రెండు చేతులతో కప్పును వెనక్కి తీసుకున్నాడు. నా జీవితంలో నేను చెప్పిన ఏ కథనూ అంత మర్యాదగా ఎవరూ వినలేదు. సాయంత్రానికి ఆ రోడ్డంతా పాకింది. మరునాటి నుంచి ఆటోలు ఆగలేదు సరికదా, పక్కకు జరిగి దారిచ్చాయి. నాలుగు హోటళ్ల ముందునుంచి నాలుగు సలాములు అందుకుంటూ గంట సేపు నడిచాను. ఒళ్లు తేలికైంది. కథలు చెప్పడం మానుకోమన్నవాళ్లందరినీ తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను కూడా. ఆ నవ్వు నాలుగు రోజులు.

అయిదో రోజు మాస్టర్ సాబ్ నన్ను ఆపాడు. ఆయన దర్జీ. ఒక తలుపు వెడల్పు దుకాణం, వెనకే ఇల్లు, మధ్యలో పరదా. అరవై దాటిన మనిషి. నా పెళ్లి ప్యాంటు ఆయన కుట్టిందే. పాతికేళ్లుగా ఆ ఇంటికి రోజూ అరలీటరు పాలు పోశాను, పరదా కింద నుంచి ఆయన భార్య గిన్నె జరిపేది. ఆమె మొహం ఎన్నడూ చూడలేదు, గాజుల చప్పుడు మాత్రం ఎక్కడ విన్నా గుర్తుపడతాను. అక్క అన్నట్టు ఆపా అని పిలుస్తాను. మాస్టర్ సాబ్ ఉర్దూ సగం, మా తెలుగు సగం కలిపి మాట్లాడతాడు. నా బర్రె బస్సెక్కిన కథను ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మొదటినుంచి చెప్పమనేవాడు ఆ రోడ్డు మీద ఆయనొక్కడే.

"విన్న భాయ్, విన్న," అని మిషన్ మీది ఉండ నుంచి మూరెడు దారం లాగి పళ్లతో తెంపాడు. ఆ రోజు ఏదో పెళ్లి బట్ట కుడుతున్నాడు, ఎర్ర దారం. "నా పేరు మీద ఇది గాడ కట్టి రా. రోజూ ఒకటి ఇస్త."

"దేనికోసం మాస్టర్ సాబ్?"

"చెప్తే ఫలిస్తదా?" అన్నాడు నవ్వుతూ. నా మాట నాకే తిరిగొచ్చింది. అప్పుడు చూశాను, మిషన్ తొక్కే కుడికాలి పాదానికి కట్టు ఉంది.

దారం తీసుకున్నాను. తీసుకోకుండా ఎలా ఉంటాను? కానీ నా అరగంట దర్గాకు ఇవతలే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే అయిపోతుంది. అక్కడే వెనక్కి తిరిగేవాణ్ణి. దారం జేబులో పడేది. ఎర్రది, మరునాడు తెల్లది, ఆ తర్వాత స్కూలు యూనిఫారం నీలం. బట్టలు ఉతుకుతూ నా భార్య జేబులోంచి మూడు దారాలు తీసింది.

"ఏందివి?"

ఆమెకు మాత్రం ఏదీ దాచలేను. చెప్పాను. తడి చేతుల్లో ఆ మూడు దారాలు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎవలదో మొక్కు, నేను సబ్బు పెట్టి పిండుతున్న," అంది చివరికి. "రేపటికెళ్లి పోయి కట్టు. నడిచేటోనివి ఇంకింత నడువు."

అలా మరునాటి నుంచి నిజంగానే దర్గా దాకా పోయాను. ఆ మూడింటినీ కట్టాను, రోజు దారం రోజు కట్టాను. తలుపు తీసి ఊడ్చే ముసలి ముజావర్ ఏమీ అడిగేవాడు కాదు, దారాలు కట్టే కిటికీ జాలీ వైపు చూపించేవాడు. మాస్టర్ సాబ్ దారాలు ఒక మూలంతా నిండుతున్నాయి. ఆ రోజు ఏ రంగు బట్ట కుడుతున్నాడో దూరం నుంచే చెప్పొచ్చు.

కొన్నాళ్లకు ఆయన లోపలికి వెళ్లిన సమయంలో పరదా వెనక గాజులు కదిలాయి.

"భాయ్, నీ నలభై రోజులు ఎప్పుడైతయి?"

"ఎందుకు ఆపా?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. మాస్టర్ సాబ్‌కు ఏళ్లనాటి షుగర్. కింద పడిన గుండుపిన్ను పాదంలో దిగితే ఆయనకు తెలియలేదు, రెండు రోజులు దానితోనే మిషన్ తొక్కాడు. ఇప్పుడు బొటనవేలు నల్లబడింది. వేలు తీసేస్తే పాదం మిగులుతుందని, ఆలస్యమైతే పాదం కూడా పోతుందని పెద్దాసుపత్రిలో చెప్పారు.

"నా మాట వింటలేడు. పిల్లల మాట వింటలేడు. 'దూద్ వాలే భాయ్ నలభై రోజులు నడుస్తున్నడు, అయినంక చూద్దాం' అంటున్నడు. పాదం పోతే మిషన్ ఎట్ల తొక్కుతడు భాయ్?"

ఆ రోజు దర్గా దాకా ఎలా నడిచానో తెలియదు. నాకు సూది తప్పించుకోవాలని ఒక మాటన్నాను. ఆ మాట మీద ఒక మనిషి తన పాదాన్ని పెట్టి కూర్చున్నాడు.

తేలిగ్గా తేలిపోయే ఉపాయమే మొదట తోచింది. మరునాడు పొద్దున్నే దుకాణం మెట్టెక్కి, "మాస్టర్ సాబ్, నిన్నటితోని నా మొక్కు అయిపోయింది," అన్నాను.

ఆయన మిషన్ పక్క గోడ చూపించాడు. బట్ట మీద గీతలు గీసే సుద్దతో వరసగా గీతలున్నాయి. "హోటల్ల నువ్వు చెప్పిన రోజుకెళ్లి గీస్తున్న. ఇరవై మూడు. లెక్క తప్పినవ్ భాయ్, ఇంకా పదిహేడు."

ఇక నిజం చెప్పడమే మిగిలింది. నాకు అలవాటు లేని పని కనుక ముందు రోజే సిద్ధమయ్యాను, సాక్ష్యానికి ల్యాబ్ రిపోర్టు కూడా జేబులో పెట్టుకున్నాను. మరునాడు వెళ్లి ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను.

"మాస్టర్ సాబ్, మొక్కు లేదు, గిక్కు లేదు. నాకు షుగరొచ్చింది. డాక్టర్ నడవమన్నడు. చాయ్ తప్పించుకోనీకి హోటల్ల అబద్ధం చెప్పిన."

ఆయన మిషన్ ఆపాడు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. మెల్లగా భుజాలు కదలడం మొదలైంది, తర్వాత పొట్ట కదిలింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"బర్రె బస్సెక్కిందంటే నమ్మిన. ఇది మాత్రం నమ్మను భాయ్. పాలు పోసే మనిషికి షుగరేంది?"

"నిజం మాస్టర్ సాబ్. ఇగో, కాగితం."

కాగితం తీసుకుని వెలుగుకు పట్టి చూశాడు. రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు. "మంచి కాగితం. కాలర్ లోపల పెట్టొచ్చు," అని తిరిగిచ్చాడు. అప్పుడు నవ్వు ఆపి, నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "మొక్కున్నోడు మొక్కును దాచుకోవాలె. నువ్వు మంచిగ దాస్తున్నవ్. గందుకే నీ చేతికిచ్చిన దారం."

పరదా వెనక గాజుల చప్పుడు లేదు. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు. ఆయన ఆ రోజు దారం తెంపి నా చేతిలో పెట్టాడు. ఆకుపచ్చ. పట్టుకుని దిగివచ్చాను. ఇన్నేళ్లలో ఒక్కసారి నీళ్లు కలపకుండా పోస్తే, గిన్నెవాళ్లు తాగలేదు.

దర్గా దగ్గర ముజావర్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "చాచా, నువ్వొక మాట చెప్పి పంపు. ఆసుపత్రికి పొమ్మని నువ్వంటే వింటడు."

చీపురు ఆపకుండానే అన్నాడు, "తాళం తీస్త, ఊడుస్త, గంతే నా పని. లోపలున్నాయన తరఫున మాట్లాడే నౌకరీ నాకెవలియ్యలే. నువ్వేం చెప్పుకుంటవో నువ్వు చెప్పుకో."

ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడితే, బూట్ల లేసులు నా భార్యే విప్పింది. "ఇన్నేండ్లు ఊకెనే చెప్పినవ్ కథలు," అంది. "ఇప్పుడొకటి పనికొచ్చేది చెప్పు."

మరునాడు దర్గా నుంచి తిరిగి వస్తూ దారంతా ఒక కథ అల్లాను. ఇంత శ్రద్ధగా ఏ బర్రె గురించీ అల్లలేదు. దుకాణం మెట్టెక్కి ఆయన ముందు తెగిన దారం పెట్టాను.

"మాస్టర్ సాబ్, ఇయ్యాల ముడి పడలే. కట్టిన, తెగింది. మళ్లొకటి కట్టిన, గదీ తెగింది. ముజావర్ చూసి భయపడ్డడు. 'ఈ మనిషి పని ఇక్కడ లేదు, డాక్టర్ దగ్గర ఉన్నది. ఇయ్యాలనే పొమ్మను. మిగిలిన రోజులు తర్వాత నడువు' అన్నడు."

ఆయన ఆ దారం ముక్కను తీసుకుని రెండు చేతుల మధ్య లాగాడు. తెగలేదు. ఇంకా గట్టిగా లాగాడు. తెగలేదు. నలభై ఏళ్లు దారంతో బతికిన మనిషికి తన దారం ఎక్కడ తెగుతుందో తెలియదా? ఆ ముక్క కొసను చూశాడు, పళ్ల గుర్తు ఉన్న కొసను. నన్ను చూశాడు.

"తెగిందంటున్నవ్," అన్నాడు.

"తెగింది మాస్టర్ సాబ్."

"రెండుసార్లు."

"రెండుసార్లు."

దారం ముక్కను మిషన్ మీద పెట్టి, "సరే, తెగింది," అన్నాడు. గోడ పట్టుకుని లేచాడు. ఆటోలో నా భుజం మీద బరువంతా వేసి కూర్చున్నాడు. హోటల్ ముందునుంచి పోతుంటే, మొక్కులో ఉండి బండెక్కిన నన్ను హోటలాయన తెరిచిన నోరు మూయకుండా చూశాడు. మాస్టర్ సాబ్ ఆయనకు చెయ్యి ఊపి, "బర్రె బస్సెక్కంగ లేంది, ఈయన ఆటో ఎక్కితే ఏంది," అన్నాడు.

రెండు వేళ్లు పోయాయి. పాదం మిగిలింది.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. మీరూ నమ్మేవాళ్లు. కానీ మొదట్లోనే బర్రెల మీద ఒట్టు పెట్టాను, పొద్దున్నే మళ్లీ వాటి మొహం చూడాలి. కాబట్టి చెబుతున్నాను, ఒక్కచోట నీళ్లు కలిపాను. ఆ తెగిన దారం కథ నేను ఆయనకు చెప్పలేదు.

అల్లింది నిజం. ముందు రోజు కట్టకుండా జేబులో ఉండిపోయిన ఆకుపచ్చ దారాన్ని పళ్లతో తెంపింది నిజం. చేతిలో పట్టుకుని, మాటలు ఒకటికి పదిసార్లు వల్లెవేసుకుంటూ దుకాణం దాకా వచ్చాను. పోయేటప్పుడు ఇంకా తెరవలేదనుకుని దాటిపోయిన తలుపుకు తాళం ఉంది. పక్కింటి ముందు నీళ్లు చల్లుతున్న ఆమె చెప్పింది, తెల్లారేసరికి మాస్టర్ సాబ్‌కు జ్వరం పట్టుకుందని, ఏవో పొంతన లేని మాటలు మాట్లాడాడని, ఆపా ఎవర్నీ అడగకుండా, ఆయన్నీ అడగకుండా, ఆటో పిలిచి ఎక్కించుకుపోయిందని. నేను దర్గా దగ్గర జాలీకి ఆనుకుని అబద్ధాన్ని నున్నగా చేసుకుంటున్న ఆ వేళకే వాళ్లు ఆసుపత్రిలో ఉన్నారు. లాగి చూసిన చేతులు, 'తెగిందంటున్నవ్' అన్న చూపు, ఆటోలో నా భుజం మీది బరువు, అవన్నీ నేను కలుపుకున్నవి. నా కథ నిజంగా పనికొచ్చే రోజు ఒక్కటి వచ్చింది. ఆ రోజు దానికోసం ఎవరూ ఆగలేదు.

వేళ్ల సంగతి నిజం. రెండు పోయాయి, తొందరగా వచ్చుంటే ఒక్కటితో పోయేదని డాక్టర్ అన్నాడట. ఈ మాట పరదా వెనక నుంచి ఆపా చెప్పింది. మామూలు గొంతుతోనే చెప్పింది. నేను పాలగిన్నె వైపు చూస్తూ నిలబడ్డాను.

మాస్టర్ సాబ్ ఇప్పుడు ఎడమకాలితో మిషన్ తొక్కుతున్నాడు. కుట్టు కొంచెం వంకర పోతోంది, అయినా బట్టలు ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రోజే నన్ను పిలిచి మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాడు.

"పాదమే పోవాలె భాయ్. నీ నడక ఆపింది."

"మాస్టర్ సాబ్, నా మొక్కు..."

"మళ్ల మొదలుపెట్టకు," అని నవ్వాడు. "షుగరున్నది అంటవ్. కాగితం తెస్తవ్."

గోడ మీద నలభై గీతలు ఎప్పుడో నిండాయి. వాటి పక్కన కొత్త వరస మొదలైంది. అది శుక్రానా అట, పాదం మిగిలినందుకు ఇంకో నలభై. నన్నడగలేదు. నా షుగర్ కొంచెం దిగింది, నడక మాత్రం ఆపొద్దన్నాడు మా డాక్టర్. ఆయనా నన్నడగలేదు.

ఇవాళ పసుపు దారం ఇచ్చాడు. కట్టి వచ్చాను.